బస్తా దింపుడు

ఫిబ్రవరి 8, ఆదివారం. కోదాడ

రాజ్‌కుమార్ సెల్‌ఫోన్ షాపు పై గదిలో కలిశాం. నలుగురమూ వచ్చాం. నెలకోసారి, రెండో ఆదివారం, ఇలా కూర్చుని పాత కుస్తీ షోలు చూడడం మొదలై ఆరేళ్లయింది. ఒక నెల కోదాడ. ఒక నెల సూర్యాపేటలో మా ఇల్లు. ఒక నెల మిర్యాలగూడలో ఐలన్న కేబుల్ ఆఫీసు. ఒకప్పుడు అది కేబుల్ ఆఫీసు. ఇప్పుడు అందులో ఐలన్న, రెండు కుర్చీలు ఉన్నాయి.

ఇవాళ 1998 నాటి అమెరికా షో. ఎవరు గెలుస్తారో అందరికీ తెలుసు. అయినా ఐలన్న ఎప్పటిలాగే ఓడేవాడి పక్షం.

“ఈసారి లేస్తడు సూడుండ్రి.”

“ఇరవై ఎనిమిదేళ్ల నుంచి లేవట్లేదన్నా వాడు,” అన్నాడు రాజ్‌కుమార్.

“లేస్తడు రా. మీకు ఓపిక లేదు.”

సాంసన్ గట్టిగా నవ్వాడు. అతను తల ఒక్కటే తిప్పలేడు, భుజాలతో సహా తిరుగుతాడు. కుడి చెయ్యి ఒళ్లో ఉంటుంది. చాయ్ గ్లాసు ఎడమ చేత్తో పట్టుకుంటాడు. ఇవన్నీ నేను ఇరవై ఐదేళ్లుగా చూస్తున్నవే. ఇవాళ ఎందుకు రాస్తున్నానో తెలియదు.

తెలుసు. ఇవాళ రెండు విషయాలు జరిగాయి.

మొదటిది: ఐలన్న ఇంటి అటక మీద, మేమే ఆడిన కుస్తీ షో క్యాసెట్ దొరికింది. 2001 మార్చి 18న పెళ్లిళ్ల వీడియోలు తీసే అతను తీసింది. పోయిందనే అనుకున్నాం. రాజ్‌కుమార్ దాన్ని విజయవాడ పంపి కంప్యూటర్‌లోకి ఎక్కిస్తున్నాడు. బూజు పట్టి ఉంటుందేమో అన్నాను. “లేదన్నా. ప్లాస్టిక్ కవర్లో చుట్టి ఉంది. కొత్తదానిలా ఉంది,” అన్నాడు.

రెండోది: వెళ్లేటప్పుడు సాంసన్ నన్ను మెట్ల దగ్గర ఆపాడు.

“బాల్యా, నాకో వార్త రాసియ్యాలె.”

“ఏం వార్త?”

“నాదే. మార్చి పదిహేను ఆదివారం మా చర్చిల కృతజ్ఞత కూడిక వెట్టుకున్నం. నేను పడి ఇరవై అయిదేండ్లు. సచ్చెటోన్ని బతికిన గద, సాక్ష్యం చెప్పాలె. నోటితోని చెప్తే ఏడుస్త. కాయిదం ఉంటే సూసి సదువుత.”

“పాస్టర్‌ను అడుగరాదు.”

“ఆయన రాస్తే నేను బైబిల్ల కష్టాలు వడ్డ యోబునయిత. నాకు నీ లెక్క గావాలె. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, ఎట్ల. అంతే. ఏడుపులు వద్దు.”

రెండు మెట్లు దిగి మళ్లీ భుజాలు తిప్పాడు.

“నా తప్పు గూడ రాయి. తల మడవలే అని. అందరి ముంగట నిన్ను మాఫీ అడుగుత. నా పాపానికి నువ్వు కుస్తీ బందు వెట్టినవ్.”

రాసిస్తానన్నాను.

ఫిబ్రవరి 9

చెయ్యి నొక్కాడు. ఎత్తాను. రెండూ నిజాలే.

ఫిబ్రవరి 12. సూర్యాపేట

సాక్ష్యం కోసం వివరాలన్నీ ఒకచోట పెడుతున్నాను.

స్థలం: మిర్యాలగూడలో అప్పటికే మూతపడిన ఒక రైస్ మిల్లు, వడ్లు ఆరబోసే గచ్చు. నిర్వాహకుడు ఐలన్న. టీవీలో కుస్తీ వచ్చే వేళకు కేబుల్ పోతే అతని ఆఫీసు మీద రాళ్లు పడేవి. ఇంత పిచ్చి ఉన్న ఊళ్లో మనమే షో పెడదాం అన్నాడు. నాలుగు మూలలా నాలుగు సరివి కర్రలు పాతాం. లారీ తాళ్లు కట్టి వాటికి సైకిల్ ట్యూబులు చుట్టాం. కింద ఊక నింపిన గోనె సంచులు, వాటి మీద తాటిపత్రి పట్టా. ఊక సంచి పడినవాణ్ణి కాస్తుంది. కానీ నాలుగు దెబ్బలు పడగానే అణిగిపోతుంది. ఆటకూ ఆటకూ మధ్య సంచులను కర్రలతో కొట్టి మళ్లీ గుల్ల చేయాలి. ఆ పని ఐలన్నది.

చివరి ఆట సాంసన్‌ది, నాది. అతను వేరే మిల్లులో హమాలీ, ఇరవై ఒక్క ఏళ్లు. నేను నేరేడుచర్ల దగ్గరి తండా నుంచి వచ్చాను, ఇరవై రెండేళ్లు. పేపరులో మండల విలేకరిగా చేరి నాలుగు నెలలైంది. ఆటలో అతను మంచివాడు, నేను దుర్మార్గుణ్ణి. అతనికి చప్పట్లు, నాకు చెప్పులు. నేను ఎత్తి పడేస్తాను, అంతా అయిపోయిందని జనం అనుకుంటారు, అప్పుడతను లేచి నన్ను ఓడిస్తాడు. ఐలన్న అలా రాసుకున్నాడు.

టీవీలో కుస్తీవాళ్లు ఒకరికొకరు ఎలా సైగ చేసుకుంటారో మాకు తెలియదు. మా పద్ధతి సాంసన్ పెట్టాడు. వాళ్ల ముఠాలో లారీ మీంచి బస్తా వీపుకెత్తుకునేటప్పుడు కిందివాడు పైవాడి చేతిని ఒకసారి నొక్కుతాడు. అంటే వదులు. రెండుసార్లు నొక్కితే ఆగు, కాలు కుదరలేదు అని. రింగులోనూ అదే. ఎత్తేవాడు ఎదుటివాడి కుడి చెయ్యి పట్టుకోవాలి. ఎదుటివాడు ఒకసారి నొక్కితే ఎత్తాలి. రెండుసార్లు నొక్కితే ఆగాలి.

ఆ దెబ్బకు మేం పెట్టుకున్న పేరు బస్తా దింపుడు. మనిషిని భుజం మీదికెత్తి వెనక్కి పడేయడం. పడేవాడు గడ్డం రొమ్ముకు ఆనించి తల మడుచుకోవాలి.

ఎత్తాను. వేశాను. అతని మెడ ఎముక చిట్లింది, నరం నలిగింది. నాలుగు నెలలు హైదరాబాద్ దవాఖానలో ఉన్నాడు. కుడి చెయ్యి తిరిగి రాలేదు. రింగులోకి వచ్చింది మొదలు దవాఖానలో కళ్లు తెరిచేదాకా సాంసన్‌కు ఏమీ గుర్తులేదు.

కారణం: తల మడవలేదు.

ఈ చివరి వాక్యం ఇంకెవరైనా రాసి పంపితే ఆధారమేమిటని అడిగేవాణ్ణి. ఆధారం నేను చెప్పడమే.

ఫిబ్రవరి 13

పాత ఫైల్లో కత్తిరింపు దొరికింది. నేను రాసిందే. “పట్టణంలో ఆదివారం జరిగిన వినోద ప్రదర్శనలో పాల్గొన్న సాంసన్ (21) అనే యువకుడు అదుపు తప్పి కింద పడడంతో తీవ్రంగా గాయపడ్డాడు.” మొత్తం ఆరు లైన్లు. ఎత్తినవాడి పేరు లేదు. అసలు ఎవరో ఎత్తినట్టే లేదు.

అదుపు తప్పి. ఆ తర్వాత ఈ మాట ఎన్ని వందల వార్తల్లో రాశానో. ఆటోలు, లారీలు, ట్రాక్టర్లు.

ఫిబ్రవరి 16

నా భార్య సరళ అడిగింది. “సాంసనన్న కాయిదం అయిందా?”

“అయితది.”

“పేజీ వార్త గంటల రాస్తవ్. గీ దానికి వారమా?”

ఆధారాలు చూసుకోవాలన్నాను.

“ఆధారం మూన్నెల్లకోసారి ఇంటికొచ్చి చాయ్ తాగి పోతది గద.”

ఫిబ్రవరి 22, ఆదివారం. సూర్యాపేట

రెండో ఆదివారం దాకా ఎవరూ ఆగలేకపోయారు. రాజ్‌కుమార్ పెన్‌డ్రైవ్‌తో ఉదయమే దిగాడు. ఐలన్న, సాంసన్ మిర్యాలగూడ నుంచి బస్సులో వచ్చారు. సరళ సర్వపిండి చేసింది.

నిడివి యాభై రెండు నిమిషాలు. తీసినవాడు పెళ్లిళ్లకు అలవాటుపడ్డవాడు కాబట్టి మొదట సన్నాయి మోగింది. తెర మీద తామరపువ్వు విచ్చుకుని అందులోంచి ఐలన్న వచ్చాడు.

“పెండ్లికొడుకు లెక్క ఉన్నవ్ అన్నా,” అంది సరళ.

“గప్పుడు జుట్టు ఉన్నది చెల్లె. ఆడిపిల్ల ఎవరన్న సూసి ఉంటే బాగుండు.”

ఒక్కో ఆటకూ నవ్వుకున్నాం. తాళ్ల మీంచి దూకబోయి కర్రతో సహా కింద పడినవాణ్ణి రాజ్‌కుమార్ మూడుసార్లు వెనక్కి తిప్పి చూపించాడు. అప్పుడు రాజ్‌కుమార్‌కు పంతొమ్మిదేళ్లు, గంట కొట్టే పని అతనిది. ఇరవై ఏళ్ల కిందట పోయినవాడొకడు తెర మీద కనిపించినప్పుడు మాత్రం రాజ్‌కుమార్ వెనక్కి తిప్పలేదు.

నలభయ్యో నిమిషానికి నేను వచ్చాను. నల్ల బనియను, మొహానికి కాటుక. ఒక చెప్పు వచ్చి నా భుజానికి తగిలింది. తర్వాత సాంసన్ వచ్చాడు. టీవీ చప్పుడు తగ్గించాల్సి వచ్చింది, జనం అంతగా అరిచారు.

నేను లేచి స్విచ్ బోర్డు దగ్గర నిలబడ్డాను.

47 నిమిషాల 10 సెకన్ల దగ్గర పట్టుకుంటాను. కెమెరా నా వెనక ఉంది. నా వీపే కనిపిస్తుంది. చేతులు నా వీపు అవతల ఉన్నాయి. 47:13కి ఎత్తుతాను. 47:15కి పడతాడు. తల మడిచాడో లేదో ఆ మసకలో ఎవరూ చెప్పలేరు.

ఆ తర్వాత నేను రెండు చేతులూ పైకెత్తి చుట్టూ తిరుగుతాను. జనం ఇంకా అరుస్తూనే ఉన్నారు. అతను లేస్తాడని చూస్తున్నారు. నేను చేతులెత్తి తిరిగింది పద్దెనిమిది సెకన్లు. ఇది నాకు గుర్తులేదు.

వీడియో ఆగిపోయింది. మొదట సాంసనే మాట్లాడాడు.

“సూసిండ్రా? తల మడవలే. నేను చెప్తలేనా.”

“నీ తల గాదు రా, నా ఊక,” అన్నాడు ఐలన్న. “ముందలి ఆట అయినంక సంచులు కొట్టలే నేను. గేటు కాడ జనం ఎక్కువైన్రని గాడ నిలవడ్డ. ఎన్నిసార్లు చెప్పినా ఇనవేంది?”

“ఊక మంచిగనే ఉన్నది.”

“నీకెట్ల ఎరుక? నీకు యాదే లేదంటివి!”

“బాల్యా చెప్పిండు గద. దవాఖానల కండ్లు తెరవంగనే చెప్పిండు, తల మడవలేవు రా అని.”

“బాల్యా కొట్టిండా సంచులు? కొట్టేటోన్ని నేను.”

“మెడ నాదన్నా. తప్పు గూడ నాదే. నడుమ నువ్వు గుంజుకోకు.”

రాజ్‌కుమార్‌కు నవ్వాగలేదు. “తప్పు నాదంటే నాదని కొట్టుకునేవాళ్లను ఇప్పుడే చూస్తున్నాను. బాల్యన్నా, మీరు చెప్పండి. ఎవరిది?”

ముగ్గురూ నా వైపు చూశారు. సాంసన్ భుజాలతో సహా తిరిగాడు.

“వీడియోలో స్పష్టంగా లేదు,” అన్నాను.

“రిపోర్టరు గద,” అన్నాడు ఐలన్న. “ఎవలనూ నొప్పియ్యడు.”

ఫిబ్రవరి 23

వీడియోలో లేదు. మళ్లీ ఆరుసార్లు చూశాను. నా వీపు అడ్డం ఉంది.

రాత్రి బాగా నిద్రపట్టింది. అది కూడా రాయాలి.

ఫిబ్రవరి 26

సాక్ష్యం పూర్తయింది. రెండు పేజీలు. తల మడవని సంగతి మూడో పేరాలో. మా పేపరు భాషలో మంచి కాపీ. ఎక్కడా ఎక్కువ మాట లేదు. ఫోన్‌లో సాంసన్‌కు చదివి వినిపించాను. వెనక లారీల హారన్లు. అతను ఇప్పుడు ఒక మిల్లులో కాంటా గుమస్తా.

“మంచిగుంది రా. ఒక్క లైను కలుపు. ‘ఇందులో నా మిత్రుడు బాల్యా తప్పేమీ లేదు’ అని.”

“అవసరమా?”

“అవసరమే. జనం ఎట్లెట్లనో అనుకుంటరు.”

కలిపాను.

ఫిబ్రవరి 28

నా చేత్తో కలిపాను.

మార్చి 3

రెండుసార్లు.

రెండుసార్లు నొక్కాడు.

మొదటి నొక్కుకే ఎత్తేశాను, రెండోది గాల్లో ఉండగా వచ్చింది అని నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. చెప్పుకోగా చెప్పుకోగా అదే జరిగినట్టు కనిపించేది. వీడియో చూశాక అది కుదరడం లేదు. పట్టుకోవడానికీ ఎత్తడానికీ మధ్య మూడు సెకన్లు ఉన్నాయి. మూడు సెకన్లు చాలా ఎక్కువ. మొదటి నొక్కు వచ్చింది. రెండోది వచ్చింది. రెండోది గట్టిగా వచ్చింది, అతని గోరు నా అరచేతిలో దిగింది. అప్పటికి నా కాళ్లు నేల మీదే ఉన్నాయి. అతనివీ నేల మీదే ఉన్నాయి.

ఎందుకు ఆగమన్నాడో తెలియదు. కాలు కుదరలేదో, కింద సంచి అణిగిందని అరికాలికి తెలిసిందో, ఊపిరి అందలేదో. అది అతనొక్కడికే తెలుసు, అతనికి గుర్తులేదు. ఆగమన్నాడన్న సంగతి తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

జనం అతని పేరే అరుస్తున్నారు. ఏడు నిమిషాలుగా అతని పేరే. నాకు ఆ క్షణంలో ఏమనిపించిందో రాస్తాను. చాలు రా నీ చప్పట్లు, అనిపించింది. ఎత్తాను.

ఆరో రోజు కళ్లు తెరిచాడు. ఏమైంది రా అని అడిగాడు. వాళ్లమ్మ మంచం పక్కనే ఉంది. నేను తల మడవలేవు రా అన్నాను. ముందే అనుకుని అన్న మాట కాదు. నోటికొచ్చింది. ఆ తర్వాత ఇరవై ఐదేళ్లు దాన్ని వెనక్కి తీసుకోకపోవడం మాత్రం నోటికొచ్చింది కాదు.

వాళ్లమ్మ నా రెండు చేతులూ పట్టుకుంది. “నువ్వేం జేస్తవ్ బిడ్డా,” అంది. ఆమె పోయి పదకొండేళ్లు.

మార్చి 5

మూడో పేరా మార్చి, కాగితం కవర్లో పెట్టి అంటించి, ఆదివారం పొద్దున చర్చి దగ్గర చేతికిస్తే? అతను మైకు ముందు నిలబడి చదువుకుంటూ పోతాడు, మూడో పేరా దగ్గర తనకే తెలుస్తుంది. నేను నోరు విప్పే పని ఉండదు.

రెండు రోజులు ఈ ఆలోచన బాగానే ఉందనిపించింది. అందుకే రాసి పెడుతున్నాను.

సాయంత్రం సరళకు చెప్పాను. ఆమె కూరగాయలు తరుగుతోంది. ఆపలేదు.

“వీడియో సూసిననాడే అనుకున్న,” అంది.

“ఏమని?”

“అందరు సాంసనన్న తల దిక్కు సూసిన్రు. నువ్వు నీ చేతులు సూసుకున్నవ్.”

కొంతసేపటికి కవరు సంగతి కూడా చెప్పాను. ఈసారి కత్తి పక్కన పెట్టింది.

“మల్ల ఎనుకకెంచి ఏస్తవా ఆయన్ను? ముంగటికి పోయి చెప్పు.”

మార్చి 7, శనివారం. మిర్యాలగూడ

కాంటా గదికి మధ్యాహ్నం వెళ్లాను. బయట వడ్ల లారీలు ఆరు. సాంసన్ ఎడమ చేత్తో చీటీలు రాస్తున్నాడు. అతని భార్య మరియమ్మ అన్నం తెచ్చి స్టూలు మీద కూర్చుని ఉంది.

“రా అన్నా, ఎండల వచ్చినవ్. తింటవా?” అంది.

తిన్నానన్నాను. అబద్ధం. కాగితం తీసి బల్ల మీద పెట్టాను.

“మార్చినవా?” అన్నాడు సాంసన్.

“మూడో పేరా మార్చిన. సదువు.”

అద్దాలు పెట్టుకున్నాడు. ఈ మూడో పేరా మొత్తం నాలుగు వాక్యాలు. “సాంసన్ నా చేతిని రెండుసార్లు నొక్కాడు. రెండుసార్లు నొక్కితే ఆగాలని ఇద్దరికీ తెలుసు. నేను ఆగలేదు. తల మడవలేదని దవాఖానలో నేను చెప్పింది నేను చూసింది కాదు.”

అతను చదివాడు. మళ్లీ మొదటి నుంచి చదివాడు. బయట ఒక డ్రైవర్ హారన్ కొట్టాడు. “జర ఆగు భాయ్,” అని కిటికీలోంచి అరిచి, కాగితం మరియమ్మకు ఇచ్చాడు. ఆ లారీకి చీటీ రాశాడు. తర్వాతి లారీకి కూడా రాశాడు. అంకెలు ఎప్పటిలాగే గుండ్రంగా ఉన్నాయి.

మరియమ్మ చదివి కాగితం బల్ల మీద బోర్లా పెట్టింది.

“అత్తమ్మ చెప్తుండె,” అంది నాతో కాకుండా గోడతో అన్నట్టు. “దవాఖానల ఆ బిడ్డ చేతులు వణుకుతుంటే నేనే వట్టుకున్న అని. సచ్చిపోయే దాంక చెప్పింది.”

సాంసన్ పెన్ను మూత పెట్టాడు. దానికి కొంత సమయం పడుతుంది, ఒక్క చేత్తో.

“నా మెడను నేనే తిట్టుకున్న రా ఇన్నేండ్లు. నా బిడ్డ స్వప్నను కబడ్డీకి ఏరుకున్నరు, స్కూల్ల ఉన్నప్పుడు. పంపలే. మనింట్ల ఒంటికి అదను తెల్వది బిడ్డా, నా లెక్కనే పడ్తవ్ అన్న. రెండు రోజులు అన్నం తినలే అది. ఇప్పుడు దానికి పెండ్లయ్యి కొడుకు.”

“ఏమనాలనుకుంటే అది అను సాంసన్.”

“అనను. అంటే నీకు తేలికైతది.”

తర్వాత అతను కాగితం మడిచి నా వైపు జరిపాడు.

“గిది నా సాక్ష్యం కాదు. నీది. ఎనిమిదొద్దులల్ల కూడిక. నువ్వే వచ్చి సదువు.”

“నేను మీ చర్చి మనిషిని కాదు గద.”

“నేను నీ పేపరు మనిషినా? నా మీద రాయలే?”

మార్చి 8

రెండో ఆదివారం. ఎవరూ కలవలేదు.

మార్చి 9

ఐలన్న ఫోన్ చేశాడు. సాంసన్ చెప్పాడట.

“అయితే నా ఊక?” అన్నాడు.

“నీ ఊకది తప్పు కాదన్నా.”

“ఆ సంచులు కలలకొస్తుండె రా నాకు,” అన్నాడు. “కొడ్తనే ఉంట, కొడ్తనే ఉంట, అవి లేవయి.” పెట్టేశాడు. తిట్టలేదు. తిడతాడని లైన్ మీద ఉన్నాను.

మార్చి 12

మా నలుగురి గ్రూపులో రాజ్‌కుమార్ రోజూ ఉదయం ఒక పాత కుస్తీ ఫొటో పెట్టేవాడు. నాలుగు రోజులుగా పెట్టడం లేదు.

మార్చి 13

పేపరుకు సవరణ పంపాను. 2001 మార్చిలో అచ్చయిన వార్తకు. డెస్క్ నుంచి ఫోన్. “బాల్యా గారూ, సంవత్సరం తప్పు పడినట్టుంది.” తప్పు పడలేదన్నాను. అతను నవ్వాడు, తర్వాత నవ్వాపి, ఇది వేసుకోలేం సార్ అన్నాడు. వేయరని నాకూ తెలుసు. ఫైల్లో పాత కత్తిరింపు వెనక ఆ సవరణ పిన్ను చేశాను.

మార్చి 15, ఆదివారం. మిర్యాలగూడ

సరళ నాతో వచ్చింది. చర్చి రైలు పట్టాలకు ఇవతల, చిన్నది. ఆడవాళ్లు ఎడమవైపు, మగవాళ్లు కుడివైపు. నూట పది మందికి కాస్త ఎక్కువ. ఇలాంటి కూడికలకు వార్త కోసం వెళ్లినప్పుడు తలుపు దగ్గర నిలబడడం నాకు అలవాటు. సాంసన్ ముందు వరుసలో చోటు ఉంచాడు. ఐలన్న వెనక ఉన్నాడు, కొత్త చొక్కా వేసుకుని. రాజ్‌కుమార్ రాలేదు.

పాటలు, ప్రార్థన అయ్యాక లాజరు పాస్టర్ సాంసన్‌ను పిలిచాడు. సాంసన్ మైకు పట్టుకుని రెండు మాటలే చెప్పాడు.

“నేను బతికినందుకు దేవునికి స్తోత్రం. నాకు యాది లేనిది ఒకటి ఉన్నది, గది నా దోస్తు చెప్తడు.”

చదివాను. మూడున్నర నిమిషాలు పట్టింది. మొదట నా పేరు, వయసు, చేసే పని. తర్వాత రోజు, స్థలం, జరిగింది. మూడో పేరా మొదటి వాక్యం రెండుసార్లు చదివాను. ఎవరో నీళ్ల సీసా అందించారు. తాగకుండానే మిగతాది చదివాను.

అక్కడ ఎవరు సాక్ష్యం చెప్పినా చివర అందరూ స్తోత్రం అంటారట. నేను ముగించాక ఎవరూ అనలేదు. అనాలో వద్దో తెలియక పాస్టర్ వైపు చూశారు. పాస్టర్ సాంసన్ వైపు చూశాడు. ఫ్యాన్లు తిరుగుతున్నాయి.

ఆడవాళ్ల వైపు ముందు వరుసలో ఒక ముసలామె ఉంది. మైకు అవసరం లేని గొంతు.

“ఆగుమంటే ఎందుకు ఆగలే బిడ్డా?”

పక్కామె మోచేత్తో పొడిచింది. ముసలామె వినలేదు. “అడగొద్దా? అందరి ముంగటనే చెప్పవడ్తివి గద.”

కాగితం చూశాను. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, ఎట్ల. ఎందుకు అన్నది సాంసన్ అడగలేదు, నేను రాయలేదు. ఈ డైరీలో తప్ప.

“చప్పట్లన్ని ఆయనకే పడుతున్నయని, అమ్మా,” అన్నాను.

“గంతేనా?”

“గంతే.”

ఆమె తల పంకించి కొంగు సర్దుకుంది. నేను వచ్చి నా చోట కూర్చున్నాను. చొక్కా వీపుకు అంటుకుని ఉంది. ఎవరో పాట ఎత్తుకున్నారు, మిగిలినవాళ్లు అందుకున్నారు.

బయట షామియానా కింద భోజనాలు పెట్టారు. కొంతమంది నన్ను చూసి పక్కకు జరిగారు. ఒకాయన నమస్తే పెట్టాడు. ఐలన్న దూరం నుంచి చెయ్యి ఊపాడు, దగ్గరికి రాలేదు. సరళ మరియమ్మకు విస్తర్లు అందిస్తోంది, ఇద్దరూ మాట్లాడుకోవడం లేదు.

సాంసన్ వచ్చి నా ముందు నిలబడ్డాడు.

“టైము తప్పు రాసినవ్,” అన్నాడు. “ఆరు నలభై కాదు. ఆరున్నర రైలు కూత వినవడ్తది వీడియోల, నువ్వు ఎత్తినంక.”

“చూస్త. మారుస్త.”

అతను ఎప్పుడూ ఎడమ చెయ్యే ఇస్తాడు. ఇవాళ ఎడమ చేత్తో కుడి చేతిని ఎత్తి తెచ్చి నా చేతిలో పెట్టాడు. చల్లగా ఉంది. అనుకున్నంత బరువు లేదు. ఆ వేళ్లు మూసుకోవని నాకు తెలుసు. నొక్కు రాదని తెలుసు.

అయినా ఆగాను. మరియమ్మ వచ్చి అన్నం చల్లారిపోతున్నదని అనేదాకా ఆగాను.